ఎవరి పేజీ వాళ్ళే చదవాలి

ఈ పని మానేస్తున్నానని చెప్తే మా ఆయన, "ముప్పై రెండేళ్ళకే రిటైర్మెంటా? పెన్షన్ ఎవరిస్తారంట?" అన్నారు. నవ్వాను గానీ ఆ మాట నాకు వేళాకోళంలా అనిపించలేదు. రెండో కాన్పు దగ్గరపడుతోంది. డాక్టరు గారు బండి ఎక్కొద్దన్నారు. ఫోను పట్టుకుని ఊళ్ళు తిరిగే ఈ పని ఇప్పుడు నావల్ల కాదు.

నా తర్వాత అనూష, భవాని, మీరిద్దరూ చూసుకుంటామన్నారు. ఏ ఫైలు ఎక్కడుందో, గ్రూపులో ఎవరెవరున్నారో మీకు చూపించేశాను. చూపిస్తే తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి రాద్దామని కూర్చున్నాను. మా వాడు పడుకున్నాకే నాకు వీలు కాబట్టి రోజుకి కొంచెం చొప్పున రాశాను. ఎక్కడైనా అతుకులు కనపడితే సర్దుకోండి.

పని ఏంటంటే

బయటివాళ్ళకి చెప్పేటప్పుడు మనం ఆన్‌లైన్ రీడింగ్ ప్రాజెక్ట్ అంటాం. పిల్లలు "పేజీల గ్రూపు" అంటారు. వాళ్ళు పెట్టిన పేరే సరైంది.

నూజివీడులో ఒక బడి, ఆగిరిపల్లి వైపు ఒకటి, జి. కొండూరు వైపు ఒకటి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. ఒక బొమ్మల కథ తీసుకుని, పేజీల నంబర్లు చీటీల మీద రాసి పిల్లల చేత తీయిస్తాం. ఏ నంబరు వస్తే ఆ పేజీ ఆ పిల్లది. ఆ ఒక్క పేజీ ఫొటోయే ఆ ఇంటికి వెళ్తుంది. ఇంట్లో ఎవరి ఫోనుంటే ఆ ఫోనులో గట్టిగా చదివి వాయిస్ మెసేజ్ మనకి పంపాలి. అన్నీ వచ్చాక వరసగా కలిపి ఆదివారం సాయంత్రం గ్రూపులో పెడతాం. అప్పటిదాకా కథ మొత్తం ఏంటో ఏ పిల్లకీ తెలియదు. ఒకళ్ళ దగ్గర మొదలుంటుంది, ఇంకో ఊళ్ళో ఇంకొకళ్ళ దగ్గర చివరుంటుంది. విన్నాక ప్రతివాళ్ళూ పక్క ఊరి పిల్లల పేజీ మీద ఒక ప్రశ్న అడగాలి.

వేరే వేరే ఊళ్ళ పిల్లలకి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి తెలియవు. గొంతులు తెలుసు. ఒకసారి నూజివీడు బస్టాండులో చెరుకురసం బండి దగ్గర ఒక పిల్ల "ఐసు వద్దండి" అంటుంటే, పక్కనున్న కుర్రాడు తిరిగి చూసి, "నువ్వు ఐదో పేజీవి కదూ?" అన్నాడట. ఆ పిల్ల వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఎవరైనా ఈ ప్రాజెక్టు వల్ల ఏం లాభం అని అడిగితే నేను ఇదే చెప్తాను. లాభం అంటే వాళ్ళ ఉద్దేశం వేరని తెలిసినా ఇదే చెప్తాను.

పద్మావతి గారు, ఫోన్లు

దీన్ని మొదలుపెట్టింది పద్మావతి గారు. ఆగిరిపల్లి వైపు బడికి హెడ్మిస్ట్రెస్. నేను బీఎడ్ చేసి, పెళ్ళయి, బాబుని ఎత్తుకుని ఇంట్లో ఉన్న రోజుల్లో, "మాధవీ, ఖాళీగా ఉండి పిల్లాడి గురించి దిగులు పడే బదులు నా దగ్గరకి వచ్చి పిల్లలందరి గురించీ దిగులు పడు" అని పిలిచారు.

ఆవిడ దగ్గర పని చెయ్యడం తేలిక కాదు. గంట కొడితే పిల్లలు లోపలుండాలి, శుక్రవారం అంటే పేజీలు శుక్రవారానికి రావాలి. మాఘంలో మామిడి పూత మీదున్నప్పుడు బాగానే వచ్చేవి. కాయ కోతలు మొదలవగానే ఆగిపోయాయి. పిల్లలు బద్ధకిస్తున్నారని ఆవిడ కోప్పడ్డారు. తీరా అడిగితే, నాన్న ఫోను తీసుకుని తెల్లారకముందే తోటకి వెళ్ళిపోతున్నాడు, వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. ఇది మామిడి ఊళ్ళో పుట్టి పెరిగిన ఆవిడకి తెలియక కాదు, నాకు తెలియకా కాదు. మా అత్తవారిది కాయల కమీషన్ కొట్టు. సీజన్లో మా ఆయన మొహం నాకే కనపడదు. తెలిసినదాన్ని పనికి జోడించి చూడలేదు, అంతే. అప్పటినించీ కోతల రోజుల్లో పేజీకి గడువు పెట్టం.

ఇంకోసారి, వాయిస్ మెసేజుల్లో కుక్కరు కూతలు, కోళ్ళు, ట్రాక్టర్లు వినపడుతున్నాయని, నిశ్శబ్దంగా ఉన్న చోట చదవమని ఆవిడ నా చేత మెసేజ్ పెట్టించారు. మర్నాడు ఒక పిల్ల బాత్రూములో తలుపేసుకుని చదివింది. నూతిలోంచి పిలిచినట్టుంది గొంతు. అది విని పద్మావతి గారు చాలాసేపు నవ్వి, "తీసెయ్ ఆ మెసేజ్. కోళ్ళతోనే చదవనీ" అన్నారు. తప్పని తెలిస్తే ఆ నిమిషమే వెనక్కి తీసుకునే మనిషి. అలాంటివాళ్ళ దగ్గర తిట్లు తిన్నా ఫరవాలేదు.

ఆవిడ పెట్టిన నియమాల్లో ఒక్కటి మాత్రం ఎవరూ కదపలేదు. ఎవరి పేజీ వాళ్ళే చదవాలి. ఒక పేజీ రాలేదని ఇంకొకళ్ళ చేత చదివించి పుస్తకం పూర్తి చెయ్యకూడదు. అది వచ్చేదాకా అందరూ ఆగాలి.

ఈ నియమం అసలు దేనికో నాకు అర్థమైంది హారిక వల్ల.

హారిక

ఆగిరిపల్లి వైపు బడిలో నాలుగో తరగతి. వాళ్ళకి మామిడితోట ఉంది. అమ్మానాన్నా పొద్దస్తమానం తోటలోనే. ఇంట్లో ఉండే ఫోను వాళ్ళ మామ్మది. హారికకి నత్తి. మాట మొదట్లోనే ఆగిపోయేది. గొంతు బిగుసుకుని, కళ్ళు మూసుకుని, అక్కడే ఉండిపోయేది. ఆ మాట గట్టు దాటిందంటే వెనకాలవి బాగానే వచ్చేవి.

మొదటి పుస్తకం, వాన కోసం బయల్దేరిన తూనీగ కథ. మిగతావాళ్ళ పేజీలు నిమిషంలో అయిపోతే హారికది నాలుగైదు నిమిషాలు వచ్చింది. నేను వంట చేస్తూ విన్నాను. మొదటిసారి ఆగినప్పుడు నెట్ పోయిందనుకుని ఫోను ఊపాను. పోలేదు. పిల్ల ఊపిరి వినపడుతోంది. స్టవ్ కట్టేసి కూర్చుని మొత్తం విన్నాను.

అప్పట్లో పేజీల్ని కలిపేది నవీన్. నూజివీడు క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివేవాడు, హాస్టల్ కుర్రాడు, చాలా మంచివాడు. ఆ వారం అతను హారిక పేజీ తీసుకుని, ఆగిన చోటల్లా ఖాళీ కత్తిరించి, తడబడ్డ అక్షరాలు తీసేసి, అన్నీ అతికించాడు. రాత్రంతా కూర్చున్నట్టున్నాడు. "అక్కా, విను. ఎక్కడా తెలియట్లేదు కదా?" అన్నాడు. నిజంగానే తెలియలేదు. నిమిషంలోపే అయిపోయింది. వార్తలు చదివే అమ్మాయిలా చదివేసింది హారిక. పాపం, ఎంత కష్టపడ్డాడో అనుకున్నాను. నాకూ నచ్చింది.

ఆదివారం అందరూ విన్నారు. సోమవారం హారిక మామ్మగారు, రాజ్యలక్ష్మి గారు, నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఊళ్ళో అందరికీ వినిపించాను. మా పిల్ల ఎక్కడా ఆగలేదు చూశావా? మీ పుస్తకం చలవే" అన్నారు.

తర్వాతి పుస్తకం చీటీలు తీసేటప్పుడు హారిక చెయ్యి పెట్టలేదు, తన వంతు చీటీ ఒక్కటీ మిగిలిపోయింది.

ఫోను అందుకోదు

వాళ్ళింటికి వెళ్ళాను. మా వాణ్ణి కూడా తీసుకెళ్ళాను, ఇంట్లో వదిలి రావడానికి నాకు ధైర్యం చాలదు. అప్పుడు వాడికి మూడేళ్ళు నిండుతున్నాయి, సరిగ్గా మాటలు రాలేదు. ఎక్కడికెళ్ళినా "ఇంకా మాట్లాడట్లేదా?" అని ఎవరో ఒకరు అడగడం, నేను రాత్రి నిద్రపోకపోవడం అలవాటైపోయింది. పిల్లల వాయిస్ మెసేజులు వింటూ కూడా, మావాడు ఈ వయసుకి ఇలా చదువుతాడా అని లెక్కేసుకునేదాన్ని. మీకు పిల్లలు పుట్టాక ఈ పనిలో ఇదొక ఇబ్బంది. ముందే చెప్తున్నాను.

హారిక అరుగు మీద కూర్చుని ఉంది. ఎందుకు చీటీ తియ్యలేదని అడిగాను. ఏదో అనబోయి ఆగింది. లోపలి నించి మామ్మగారు, "భయమండి దానికి" అన్నారు. హారిక తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టింది. "సిగ్గు" అన్నారు మామ్మగారు. హారిక నోరు మూసేసింది.

పెరట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. కొంచెంసేపటికి తనే చెప్పింది. రాయడంలో ఆ ఆగిన చోట్లన్నీ చూపించలేను గానీ, చెప్పింది ఇది.

"అది నేను కాదక్కా."

"నీ గొంతే కదమ్మా?"

"గొంతు నాదే. చదివింది నేను కాదు. నేను అట్లా చదవను."

మళ్ళీ కాసేపటికి అంది. "ఇంట్లో నేను మాట్లాడుతుంటే మామ్మ మధ్యలో మాట అందుకుంటుంది. బళ్ళో పక్కపిల్ల అందుకుంటుంది. ఫోను అందుకోదు. నేను అయ్యేదాకా ఉంటుంది. అందుకని ఇష్టం నాకు. మీరు దాన్నీ తీసేశారు."

అంతలో మా వాడు వచ్చి నా కొంగు లాగి గ్లాసు వైపు చెయ్యి చూపించాడు. "నీళ్ళా కన్నా? నీళ్ళు కావాలా?" అన్నాను. హారిక నన్ను చూసింది. నాకు చెవులు వేడెక్కాయి.

ఇంకెప్పుడూ కత్తిరించబోమని హారికకి మాటిచ్చాను. కానీ ఫోను మామ్మగారిది. ఆవిడ ఒప్పుకోవాలి కదా.

"అదేంటమ్మాయ్? అంత చక్కగా సాపు చేసి ఇచ్చారు. మళ్ళీ అట్లాగే చెయ్యండి. దాని నత్తి మూడూళ్ళు వినాలా? రేపు నలుగురూ నవ్వితే అది తట్టుకుంటుందా?"

"అది తట్టుకుంటానంటోందండీ."

"నేను తట్టుకోవద్దూ?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళినదాన్ని, ఆ మాటకి మెత్తబడిపోయాను. మనవరాలికి అడ్డం పడాలని కాదు ఆవిడ మాట అందించేది. ఆ మౌనం ఆవిడ మోయలేక.

నవీన్‌కి చెప్తే బిక్కమొహం వేశాడు. "నేను సాయం చేశాననుకున్నాను అక్కా" అన్నాడు. అందరం అలాగే అనుకుంటామని చెప్పాను. పద్మావతి గారు మాత్రం నా మాట అయ్యీ అవకముందే తేల్చేశారు. "ఆ పేజీ చీటీలో హారికకి వచ్చింది. వాళ్ళ మామ్మకి రాలేదు, నవీన్‌కి రాలేదు, నీకూ రాలేదు. ఎట్లా చదివితే అట్లా వెళ్తుంది. లేదంటే ఆ పుస్తకం ఆగుతుంది."

చివరికి మామ్మగారు ఒక షరతు పెట్టారు. "సరే, ఈ ఒక్కసారి పెట్టండి. నేనూ వింటాను. ఎవరన్నా నవ్వారో, ఆ క్షణమే ఈ గ్రూపులోంచి బయటకొచ్చేస్తాను. తర్వాత నన్ను అడగొద్దు."

షెడ్డులో

ఆ పుస్తకం, తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కుంటూ ఒక ముసలాయన తిరిగే కథ. మిగిలిపోయిన ఆ చీటీలో హారికకి చివరి పేజీకి ముందు పేజీ వచ్చింది. మంచి పేజీ. కానీ అందరూ చెవులొగ్గి వినే చోటు అది.

ఆ ఆదివారం వాళ్ళ తోటలో కోత. కాయలు చూడ్డానికి మా ఆయన వెళ్తుంటే నేనూ బాబుని ఎత్తుకుని బండెక్కాను. రేకుల షెడ్డులో ఎండుగడ్డి పరిచి బంగినపల్లి కాయలు గుట్టగా పోశారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని సైజులవారీగా ట్రేల్లోకి ఏరుతున్నారు. సొన వాసన. మామ్మగారు బోర్లించిన ట్రే మీద కూర్చుని పని చేయిస్తున్నారు. సాయంత్రం అయ్యేసరికి హారిక ఫోను తెచ్చి ఇంకో ట్రే మీద పెట్టి, సౌండు పెంచి, వెళ్ళి గుంజకి ఆనుకుని నిలబడింది. అంతమంది పనివాళ్ళ మధ్య పెడుతుందని మామ్మగారు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

"ఏంటండీ, రేడియోనా?" అంది వెంకాయమ్మ. ఏరేవాళ్ళందరిలో నోరున్న మనిషి.

"కథ" అన్నారు మామ్మగారు ముక్తసరిగా.

మొదటి పేజీ నూజివీడు పిల్లాడిది, వెనకాల మిక్సీ. రెండోది, మూడోది. ముసలాయన చెరువుగట్టు దాటాడు, కొండ ఎక్కాడు. జి. కొండూరు పిల్ల పేజీ మధ్యలో వాళ్ళింటి మేక నిజంగానే అరిచింది. "అదిగో, దొరికిందిగా. ఇంక ఇంటికి పొమ్మనండి ముసలాయన్ని" అంది వెంకాయమ్మ. అందరూ నవ్వారు. చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

తర్వాత హారిక గొంతు.

"ముసలాయన ఆగాడు. పొద వెనకాల..."

ఆగిపోయింది. ఫోనులోంచి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక చెయ్యి కాయ మీద ఆగింది, ఇంకో చెయ్యి ఆగింది. మామ్మగారు ఒక్కసారిగా ముందుకి వంగి, ఫోనుకేసి, "మేకపిల్ల" అన్నారు. ఫోను వినిపించుకోలేదు. "మేకపిల్ల, మేకపిల్ల" అన్నారు మళ్ళీ, బతిమాలుతున్నట్టు.

"గంట మోగింది" అంది హారిక ఫోనులోంచి.

షెడ్డంతా గొల్లుమంది. అయిపోయింది, నవ్వారు, అనుకున్నాను. మామ్మగారు చివ్వున తలెత్తారు.

"మీరు చెప్పింది తప్పండి రాజ్యలక్ష్మమ్మ గారూ" అంది వెంకాయమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "గంటంట. మేక కాదంట. ఆ పిల్ల చెప్పేదాకా ఉండొద్దూ?"

నవ్వింది హారికని చూసి కాదు. మామ్మగారికీ అది తెలిసింది. ఎర్రబడ్డ మొహంతో గుంజ వైపు చూశారు. హారిక కూడా నవ్వుతోంది, మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

ఫోను చదువుతూనే ఉంది. "ముసలాయన గబగబా వెళ్ళి కొమ్మలు పక్కకి జరిపాడు. అక్కడ..."

ఈసారి చాలాసేపు ఆగింది. నేను అన్నిసార్లు విన్నదాన్నే, నాకే ఇంకా ఎంతసేపో అనిపించింది. ఒక్క చెయ్యి కూడా కదలట్లేదు.

"దొరికిందా ఏంటి?" అంది వెంకాయమ్మ, ఉండబట్టలేక.

మామ్మగారు ఫోను మీదనించి చూపు తిప్పకుండా అరచెయ్యి పైకెత్తారు.

"ఉండవే. చెప్తోందిగా."

అక్కడ మేకపిల్ల లేదు. దాని మెడలో గంట ముళ్ళకంపకి తగులుకుని గాలికి ఊగుతోంది. "అయ్యో" అన్నారు ఆడవాళ్ళు. "తర్వాతి పేజీ ఎవరిదే?" అన్నారు మామ్మగారు, హారిక వైపు తిరిగి. నత్తి మాట ఆవిడ ఎత్తలేదు. షరతు మాటా ఎత్తలేదు. మేం బయల్దేరుతుంటే నా చేతిలో ఒక సంచీడు కాయలు పెట్టి, "ఈసారి పుస్తకం ఎప్పుడమ్మాయ్?" అన్నారు.

ఆ సాయంత్రం గ్రూపులో హారికకి చాలా ప్రశ్నలు వచ్చాయి. అన్నీ ఒకటే రకం. గంట తెగిందా, ఎవరైనా విప్పారా?

మా వాడు ఆ షెడ్డులో ఒక కాయని చూపించి నా మొహంలోకి చూశాడు. "మామిడికాయా?" అనేది నా నాలిక చివరికొచ్చింది. మింగేశాను. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. చివరికి వాడు ఏమీ అనకుండా వెళ్ళి కాయ తెచ్చుకున్నాడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు లెండి. కొన్ని మాటలే, తీరిగ్గా. నేను ఇప్పటికీ దిగులు పడతాను, కానీ అందించను.

మీకు అప్పగిస్తున్న పుస్తకం

హారికకి ఇప్పుడూ నత్తి ఉంది. పేజీలు పంపుతూనే ఉంది. చదివితే నత్తి పోతుందని ఎవరికీ చెప్పకండి, అది మనం చేసే పని కాదు. అలాంటిది తెలిసిన డాక్టర్లుంటారు, వాళ్ళ దగ్గరకి పంపాలి. వాళ్ళ నాన్న విజయవాడ తీసుకెళ్తున్నాడు. మనం చేసేది అయ్యేదాకా వినడం.

ప్రస్తుతం నడుస్తున్న పుస్తకంలో ఏడో పేజీ తప్ప అన్నీ వచ్చాయి. అది జి. కొండూరు వైపు ఒక కొత్త పాపది, మూడో తరగతి. ఇదే తన మొదటి పేజీ. మిగతా పిల్లలు "ఏడో పేజీ ఎక్కడ?" అని మిమ్మల్ని వేధిస్తారు. వేధించనివ్వండి.

ఇందాక సాయంత్రం ఆ పాప వాళ్ళ నంబరు తెరిచి చూశాను. పేరు కింద, రికార్డ్ చేస్తున్నట్టు పడింది. పోయింది. మళ్ళీ పడింది. మళ్ళీ పోయింది. చాలాసేపు అలాగే వస్తూ పోతూ ఉంది. "రామ్మా, ఫరవాలేదు" అని టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. గ్రూపు ఫోను బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను.

రేపటినించి ఆ ఫోను మీ దగ్గరుంటుంది.